రెండు సీసాల ఫాస్ఫేట్

మహాలక్ష్మి ఆ అబ్బాయిని మొదట చూసింది వెనక నుంచి. చూసింది అనడం కంటే వీపు మీద కళ్ళతో వాత పెట్టింది అంటే సరిగ్గా ఉంటుంది. ల్యాబులో ప్రోటీన్లను వేడి చేసి చూసే మెషీన్ ఆ మధ్యాహ్నం ఆమెది. తలుపుకు అంటించిన కాగితంలో ఎం. మహాలక్ష్మి అని ఆమె పేరే ఉంది. అయినా ఎవరో కొత్తవాడు ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె మెషీన్‌లో తన ట్యూబులు పెట్టుకుని, ఫోన్‌లో తీరిగ్గా తెలుగు మాట్లాడుతున్నాడు.

అవతల వాళ్ళమ్మ కాబోలు. పాండిచ్చేరి బాగానే ఉందనీ, సాంబారుకు అలవాటు పడుతున్నాననీ, ఇప్పుడే ఒక అమ్మాయి వచ్చి వెనక నిలబడిందనీ, వాలకం చూస్తే కరిచేలా ఉందనీ చెబుతున్నాడు. ఈ ఊళ్ళో తెలుగు ఎవరికి అర్థమవుతుందిలే అన్న ధీమా ఆ గొంతు నిండా ఉంది. ఆమె అతను ఫోన్ పెట్టేదాకా ఓపిగ్గా ఆగింది.

“కరవను. లేసి అవతల కూర్చో,” అంది.

అతను లేచిన విసురుకు కుర్చీ వెనక్కి పడింది.

“మీరు తెలుగువారాండి?”

“మా తాతల తాతల కాలం నుంచి ఈడనే ఉండాము. ఏంది, తెలుగు యానాం వాళ్ళ సొత్తా?”

యానాం అని ఎలా కనిపెట్టారండి అని అతను అడిగాడు. మాటకొక ‘అండి’ తగిలించేవాడు ఆ ఊరివాడు కాక ఇంకెవడని ఆమె అంది. అతను నవ్వాడు. నవ్వితే మనిషి అంత చెడ్డగా లేడని ఆమెకు తోచింది కానీ, మెషీన్ మాత్రం వదల్లేదు.

పేరు టి. ఉమామహేష్. ప్రొఫెసర్ రఘునాథన్ గారి దగ్గర ప్రాజెక్టులో కొత్తగా చేరాడు. నెల్లితోపులో అద్దె గది. మహాలక్ష్మి అదే ప్రొఫెసర్ దగ్గర మూడేళ్ళుగా పరిశోధన చేస్తోంది. ఇల్లు నటేశన్ నగర్‌లో. ఇంట్లో మాట తెలుగే అయినా, తెలుగు అక్షరాలు ఆమెకు ముగ్గుల్లాగే కనిపిస్తాయి. అది తెలిసిన రోజున ఉమామహేష్ నేర్పుతానన్నాడు. ముందు నువ్వు కుర్చీ పడకుండా లేవడం నేర్చుకోమంది. ఆ రోజు నుంచి ఆమె అతన్ని ‘యానాం’ అనే పిలిచింది. అతను ఆమెను ‘మహాలక్ష్మి గారు’ అనడం మానలేదు.

వాళ్ళ పని కోళ్ళకూ బాతులకూ వచ్చే బర్డ్ ఫ్లూ మీద. వైరస్ జోలికి వాళ్ళు పోరు. దాని ఒంటి మీద ముళ్ళలా పొడుచుకొచ్చే ప్రోటీన్ ఒకటి ఉంటుంది, దాన్ని మాత్రం విడిగా తయారు చేసి పరీక్షిస్తారు. ఆ ప్రోటీన్ సంగతి ఉమామహేష్ చెబితేనే బాగుంటుంది. అది బటన్ నొక్కే గొడుగు లాంటిదండి అనేవాడు. ముడుచుకుని స్ప్రింగు బిగించుకుని ఉంటుంది. కణం లోపల పులుపు తగలగానే టప్పున విచ్చుకుంటుంది. ఒకసారి విచ్చుకుంటే మళ్ళీ ముడుచుకోదు. దారిలో ఎండకే విచ్చుకుపోతే పనికిరాదు. ఒక్క మ్యుటేషన్, అంటే దండలో ఒక్క పూస మారినా చాలు, ఆ స్ప్రింగు వదులైపోవచ్చు, బిగిసిపోవచ్చు. ఎటు పోయిందో చూడటమే వాళ్ళ ఉద్యోగం.

అతని చేతిలో నిజంగానే అలాంటి గొడుగు ఒకటి ఉండేది. తెరుచుకోవడమే కానీ మూసుకోవడం ఎరగదు.

కార్తీకంలో ఒకనాడు వాన ఊరిని ముంచేసింది. స్టోర్ రూమ్ తాళాలున్న చెల్లప్పన్ నీళ్ళు దాటి రాలేకపోయాడు. మహాలక్ష్మి ప్రోటీన్ అప్పుడే సిద్ధమైంది, దాన్ని ఫాస్ఫేట్ బఫర్‌లోకి, అంటే పులుపు మారకుండా కాచే ఉప్పునీళ్ళలోకి మార్చాలి, సీసా చూస్తే ఖాళీ. వారం రోజుల కష్టం సాయంత్రానికి పాలలా విరిగిపోయేలా ఉంది. ఆమె ఖాళీ సీసా పట్టుకుని నిలబడితే, ఉమామహేష్ తన నిండు సీసా తెచ్చి ముందు పెట్టాడు.

“నీ ప్రోటీన్ కూడా ఈ పొద్దే కదా?” అంది ఆమె.

“నాకింకోటి ఉందండి. తీసుకోండి.”

సాయంత్రం ఇద్దరూ ఆ గొడుగు కింద బస్ స్టాపు దాకా నడిచారు. గొడుగుతో టౌన్ బస్సు ఎక్కబోతే కండక్టర్ మూయమన్నాడు. అది మూసుకోదండి అని ఉమామహేష్ తెలుగులో బతిమాలాడు. కండక్టర్ తమిళంలో తిట్టాడు. చివరికి గొడుగును స్టాపులో టీ అమ్మే అవ్వకు ఇచ్చేసి ఇద్దరూ తడిసి ముద్దై బస్సెక్కారు. అతని కనురెప్పల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. తుడుచుకొమ్మని చెప్పడం కూడా మర్చిపోయి ఆమె చూస్తూ ఉండిపోయింది. ఏందే ఇది, పిచ్చిదానా అని తనను తాను తిట్టుకుంది కానీ, నెల్లితోపులో అతను దిగిపోతే సీటు ఖాళీగా అనిపించింది.

మరుసటి వారం ఆమె ఫాస్ఫేట్ కలిపినప్పుడు ఒకటికి రెండు సీసాలు కలిపింది. రెండోది అతని బల్ల మీద పెట్టి, నీ సీసా నీకు చెల్లు అంది. అతను దాన్ని దేవుడి తీర్థంలా అందుకున్నాడు. ఆ తర్వాత ఎప్పుడు కలిపినా రెండు సీసాలే. ఎందుకని అతను అడగలేదు. ఆమె చెప్పలేదు.

సంక్రాంతి దాటాక ఉమామహేష్ పంట పండింది. బాతుల్లో కొత్తగా కనిపించిన ఒక మ్యుటేషన్ ఉన్న ప్రోటీన్, మామూలు దానికంటే నాలుగు డిగ్రీల వేడి ఎక్కువ ఓర్చుకుందని తేలింది. నాలుగు డిగ్రీలంటే వాళ్ళ లోకంలో చిన్న మాట కాదు. అంత గట్టి ప్రోటీన్‌తో టీకా చేస్తే ఐసు పెట్టెలు లేకుండా ఊరూరికీ పంపొచ్చు. ఒక టీకాల కంపెనీ మనుషులు వచ్చి కూర్చున్నారు. ప్రాజెక్టు ఇంకో మూడేళ్ళు పొడిగిస్తారనీ, ఉమామహేష్‌ను పరిశోధక విద్యార్థిగా తీసుకుంటాననీ రఘునాథన్ గారు చెప్పారు.

ఆ వారంలోనే మహాలక్ష్మి ఒక సాహసం చేసింది. అతనితో చెప్పని మాట తండ్రితో చెప్పింది.

ఆ తండ్రి ముకుందన్‌కు తట్టాంచావడిలో చిన్న వర్క్‌షాపు ఉంది. గుడ్లు పొదిగించే పెట్టెలు చేసి కోళ్ళవాళ్ళకూ బాతులవాళ్ళకూ అమ్ముతాడు. కూతురు చెప్పిందంతా విని, చేతిలోని స్క్రూ డ్రైవర్ పక్కన పెట్టాడు. ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. అతని చెల్లెలు కనగాన్ని దూరపు ఊరికి ఇచ్చారు. జబ్బు చేసిందన్న కబురు వచ్చి వీళ్ళు వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అప్పటి నుంచి అతని తల్లి ధనభాగ్యం, మన ఇంటి ఆడపిల్ల ఈ ఊరు దాటి పోకూడదని మాట తీసుకుంది. మహాలక్ష్మికి ఊళ్ళోనే మేనమామ కొడుకు పురుషోత్తమన్‌ను అనుకుంటున్నారు కూడా.

“ఆ పిల్లోడికి ఈడ నిలకడగా పని ఉంటే, అవ్వతో నేనే మాట్లాడతా,” అన్నాడు ముకుందన్. “లేదంటే ఆశ పెట్టుకోవద్దు తల్లీ. నేను మాట ఇచ్చినవాణ్ణి.”

ఆమెకు అది చాలు. పని ఉంది కదా, మూడేళ్ళు. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు, సంతోషంతో.

సంతోషం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆమె వంతు పరీక్ష ఒకటి మిగిలి ఉంది. అదే మ్యుటేషన్, కాకపోతే వేడితో కాదు, పులుపుతో. గట్టి ప్రోటీన్ అయితే ఎక్కువ పులుపు తగిలేదాకా విచ్చుకోకూడదు. ఇదేమో కొంచెం పులుపుకే విచ్చుకుపోయింది. తన చేతిదే తప్పనుకుంది. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే. అందరికీ బాగా కుదిరినదాన్ని తానే చెడగొడుతున్నానని రోజూ ఏడుపు ముఖంతో ఇంటికి పోయేది. ప్రొఫెసర్‌తో చెప్పడానికి నోరు రాలేదు.

ఒక పగలు ఫాస్ఫేట్ కలుపుతోంది. అలవాటుగా రెండు సీసాలు. రెండోదానికి మూత బిగిస్తూ, ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరని ఆ వాన రోజును మళ్ళీ తలుచుకుంది. నాకింకోటి ఉందండి అన్నాడు. మూత బిగించే చెయ్యి ఆగిపోయింది.

ఆ రోజు స్టోర్ మూసి ఉంది. తనకిచ్చినదే ఆఖరి ఫాస్ఫేట్. మరి అతని దగ్గర ఉన్న ఇంకొకటి ఏమిటి?

ట్రిస్ అనే ఇంకో రకం బఫర్. అలమరలో ఇంకేదీ లేదు. మామూలు ప్రోటీన్‌ను అతను ఆ రోజు ట్రిస్‌లో పెట్టాడు. మ్యుటేషన్ ఉన్నదాన్ని తర్వాతి వారం, తాను కలిపి ఇచ్చిన ఫాస్ఫేట్‌లో పెట్టాడు. గదిలో కొలిస్తే రెండు బఫర్లూ ఒక్కలాగే ఉంటాయి. కానీ ట్రిస్ వేడి చేసేకొద్దీ పులుపెక్కుతుంది, ఫాస్ఫేట్ అంతగా ఎక్కదు. మొదటి ఏడాది పిల్లలకు చెప్పే పాఠం ఇది, అందరూ చదివి మర్చిపోయేది. ఆ పులుపుకే మామూలు ప్రోటీన్ ముందు కూలింది. రెండోది గట్టిగా కనిపించింది. ఆ నాలుగు డిగ్రీలు మ్యుటేషన్‌వి కావు. అతను ఆమెకిచ్చిన సీసావి, ఆమె అతనికిచ్చిన సీసావి.

ఆమె సింకు అంచు పట్టుకుని నిలబడింది. ఇంకెవరికీ ఇది తట్టదని ఆమెకు తెలుసు. ఆ వాన ఆమెకు తప్ప ఎవరికీ గుర్తు లేదు. నోరు మూసుకుంటే చాలు, అతను ఇక్కడే ఉంటాడు, నాయన అవ్వతో మాట్లాడతాడు. నోరు తెరిస్తే ఏమీ ఉండదు.

కొన్ని రోజులు ఆమె అతనికి ముఖం చాటేసింది. తన పేరు ముందుకొచ్చినందుకు ఆమెకు కోపం వచ్చిందేమోనని ఆ పిచ్చివాడు అనుకున్నాడు. ప్రొఫెసర్ దగ్గరికి వెళ్ళి, అచ్చుకు పంపే పరిశోధన పత్రంలో మహాలక్ష్మి గారి పేరే ముందుండాలని అడిగాడట. ఊరి నుంచి వచ్చిన కాజాల పొట్లం తెచ్చి ఆమె బల్ల మీద పెట్టి, ఏం తప్పు చేశానో చెబితే దిద్దుకుంటానండి అన్నాడు. ఆ మాటకు ఆమెకు దుఃఖం పొంగుకొచ్చింది. ఇంట్లో చూస్తే, ఒక బాతులాయన పెట్టె బాగు చేయించుకోవడానికి వచ్చి నాయనతో కూర్చున్నాడు. నిరుడు రోగమొచ్చి బాతుల మందనంతా పూడ్చేశామనీ, ఐసు అక్కర్లేని టీకా వస్తుందంటున్నారు కదా, అదొస్తే మళ్ళీ బాతుల్ని దించుతాననీ చెబుతున్నాడు. ఆ టీకా ఎండలో ఊరు చేరేలోపే చచ్చిపోతుందని ఆమెకు తెలుసు. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

మర్నాడు పొద్దున్నే అతన్ని వరండాలోకి పిలిచింది.

“యానాం, ఆ వాన రోజు నీ ప్రోటీన్‌ని దేంట్లో పెట్టినావు?”

“ట్రిస్‌లోనండి. ఫాస్ఫేట్ మీకిచ్చేశాను కదా.”

చెప్పి నవ్వబోయాడు. నవ్వు సగంలో ఆగింది. అతను తెలివితక్కువవాడు కాదు. అతని ముఖం తెల్లబడటం ఆమె కళ్ళారా చూసింది, చూడకుండా తల తిప్పుకోలేకపోయింది. మీరెప్పుడు కనిపెట్టారని అడిగాడు. చెప్పింది. ఎవరికైనా చెప్పారా అని అడిగాడు. లేదంది.

“రెంటినీ ఒకే ఫాస్ఫేట్‌లో పెట్టి మళ్ళీ చేద్దామండి,” అన్నాడు. “మీరు పక్కనుండండి. ఒక్కణ్ణే చూడలేను.”

రెండు ప్రోటీన్లూ మళ్ళీ తయారు చేశారు. ఈసారి ఒకే సీసా. మెషీన్ ముందు రెండు కుర్చీలు వేసుకుని పక్కపక్కనే కూర్చున్నారు. మెషీన్ మెల్లగా వేడెక్కుతుంటే తెర మీద రెండు గీతలు, నీలం మామూలుది, ఎరుపు మ్యుటేషన్ ఉన్నది. ఏది ముందు లేస్తే అది ముందు కూలినట్టు. ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అయినా దేవుడా, ఒక్కసారికి నాదే తప్పై ఉండాలి అని మహాలక్ష్మి మొక్కుకుంది.

ఎర్ర గీత ముందు లేచింది. నీలం ఇంకా కదలకముందే అది పైకంటా పోయింది.

“పొడిగింపు వచ్చాక ఒక మాట చెబుదామని దాచుకున్నానండి,” అన్నాడు అతను తెర వైపే చూస్తూ.

“తెలుసు.”

“ఇప్పుడు చెప్పి ప్రయోజనం లేదు.”

“అయినా చెప్పు.”

“మీరంటే నాకు ప్రాణం, మహాలక్ష్మి.”

ఇన్నాళ్ళలో మొదటిసారి అతని నోట ‘గారు’ రాలేదు. ఎన్ని నెలలుగా వినాలనుకుందో ఆ మాట విని ఆమె వెక్కి వెక్కి ఏడ్చింది. అతను ఆమె చెయ్యి పట్టుకున్నాడు. మెషీన్ తన పని ముగించుకుని చల్లబడుతున్న చప్పుడు చేసింది. తండ్రి మాట మాత్రం ఆమె చెప్పలేదు. ఉన్న బరువు చాలు పాపం, దీన్ని కూడా నెత్తిన పెట్టడం దేనికని ఊరుకుంది.

ప్రొఫెసర్‌కు అతనే వెళ్ళి చెప్పాడు. రఘునాథన్ గారు కోప్పడలేదు. అద్దాలు తీసి బల్ల మీద పెట్టి, ఇప్పుడే తెలిసింది, అదే మేలు అన్నారు. ఆయన తిట్టి ఉంటే బాగుండేదని ఉమామహేష్ తర్వాత అన్నాడు. కంపెనీవాళ్ళు మర్యాదగా వెళ్ళిపోయారు. పొడిగింపు రాలేదు. కాకినాడలో ఒక మందుల ఫ్యాక్టరీలో పని ఉందనీ, వెంటనే చేరమంటున్నారనీ అతని తండ్రి త్రిమూర్తులు ఫోన్ చేశాడు. వద్దనడానికి అతని దగ్గర ఏమీ మిగల్లేదు.

మహాలక్ష్మి తండ్రి దగ్గరికి వెళ్ళి జరిగింది చెప్పింది. తప్పు కనిపెట్టింది ఎవరని ఆయన అడిగాడు. నేనే నాయనా అంది. ఆయన కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. నువ్వు చేసింది న్యాయమే అన్నాడు. ఆ తర్వాత ఇంకేమైనా అంటాడేమోనని ఆమె ఎదురుచూసింది. ఆయన గొంతు సవరించుకున్నాడు, లోపల ధనభాగ్యం దగ్గు వినిపించింది, ఆయన చెయ్యి తీసేసుకున్నాడు.

కాకినాడ బండి మధ్యాహ్నం. ప్లాట్‌ఫారం మీద యానాం వాళ్ళు గుంపులు గుంపులుగా ఉన్నారు, ఎటు విన్నా అండి అండి అనే మాటలే. ఉమామహేష్ ఒక సంచి, ఒక పెట్టెతో తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆరు నెలలాగండి, ఇక్కడే ఏదో ఒకటి చూసుకుని వస్తాను అన్నాడు. పెళ్ళి ముహూర్తం జ్యేష్ఠంలోనే పెట్టాలని అవ్వ అంటోందని ఆమె చెప్పింది. అతనికి అర్థం కాలేదు. ఎవరి పెళ్ళి అన్నాడు. ఆమె ఇక దాచలేకపోయింది.

“నీ మాట మా నాయనకు ఎప్పుడో చెప్పినాను, ఉమామహేష్. నువ్వు నాకు చెప్పకముందే.”

యానాం అనకుండా ఆమె తన పేరు పిలవడం అతను గమనించాడు.

“ఏమన్నారండి?”

“ఈడ నీకు పనుంటే సరి అన్నాడు.”

బండి కూత వేసింది.

“అది తెలిసే నాకు ట్రిస్ సంగతి చెప్పారా?”

“తెలిసే చెప్పినాను.”

బండి కదిలింది. అతను ఏదో అన్నాడు, చక్రాల చప్పుడులో కలిసిపోయింది. అతని కనురెప్పల మీద నీళ్ళు నిలిచి ఉన్నాయి. ఈసారి వాన లేదు. బండి ఆఖరి పెట్టె కనిపించకుండా పోయేదాకా ఆమె చెయ్యి ఊపుతూనే ఉంది.

అక్కడి నుంచి ఇంటికి పోలేక ల్యాబుకే వచ్చింది. పని చేస్తే కాస్త మరుపు వస్తుందనుకుంది. ఫాస్ఫేట్ అయిపోయి ఉంది. కోటు తొడుక్కుని ఉప్పులు తూచింది, నీళ్ళు పోసింది, పులుపు సరిచూసింది, సీసాల్లో నింపింది. మూతలు బిగించి, ఒకటి తన బల్ల మీద పెట్టింది. రెండోది చేతిలో పట్టుకుని అతని బల్ల దాకా నడిచాక గాని గుర్తు రాలేదు.

బల్ల మీద ఏమీ లేదు. చెల్లప్పన్ అప్పుడే శుభ్రంగా తుడిచేసి వెళ్ళాడు. ఆమె సీసాను అక్కడే పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.